బాక్సులోంచి వచ్చిన ఫోను

శుభవార్త వచ్చేసరికి నా చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉంది. అయినా ఆయన చొక్కా కాలర్లు మాత్రం నేనే చేత్తో రుద్దుతాను. పెళ్ళయి ఏడాది కాలేదు, ఆ సరదా ఇంకా తీరలేదు. స్నానాలగది కిటికీ గట్టు మీద ఫోను మోగింది. చేతులు కడుక్కునే ఓపిక లేక ముక్కుతో నొక్కి, చెవి దానికి ఆనించి వంగి నిలబడ్డాను.

"లాట్ మొత్తం పాసయింది. కొనేవాళ్ళు కూడా ఒప్పుకున్నారు. ఒక్క బాక్సు కూడా తీసెయ్యలేదు" అన్నారు ఆయన.

అలా వంగే గెంతబోయి కుళాయికి తల కొట్టుకున్నాను. ఆ చప్పుడు విని అటువైపు ఆయన నవ్వుతారని ఎదురుచూశాను. నవ్వలేదు. సాయంత్రం యార్డులో టీ పార్టీ ఉందని, ఇళ్ళలోవాళ్ళని కూడా తీసుకురమ్మన్నారని, తనని టెస్టింగ్ సెక్షన్‌కి హెడ్‌ని చేస్తున్నట్టు మేనేజరుగారు అక్కడే చెబుతారని, ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టు చెప్పి పెట్టేశారు.

కిందటి వారం ఈ కథలో మనం మెట్ల మధ్యలో ఆగాం. ఆయనా, బావగారూ మా బిల్డింగ్ మెట్ల మలుపులో గొంతులు తగ్గించి వాదించుకుంటూ, కూరగాయల సంచితో వస్తున్న నన్ను చూడగానే మాట మింగేసిన చోట. ఆ ముందు సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. యార్డులో తయారై ఓడల్లో వెళ్ళే ఇనుప కంటైనర్లని, అంటే ఆ బాక్సుల్ని, కొన్నవాళ్ళకి అప్పగించేముందు పరీక్షించి సంతకం పెట్టడం మా ఆయన పని. అవే కంటైనర్లకి వెల్డింగు చేయించే కాంట్రాక్టు ఆయన అన్నగారిది, అంటే మా బావగారిది. అన్న అతికిస్తాడు, ఆ అతుకు నిలుస్తుందో లేదో తమ్ముడు చూస్తాడు. కిందటి లాట్‌లో, అంటే కిందటి విడతగా పంపిన బాక్సుల్లోకి నీళ్ళు దిగి కొన్నవాళ్ళ సరుకు పాడైంది. ఈసారి కూడా అదే జరిగితే టెస్టింగ్ సెక్షన్‌ని ఎత్తేసి ఆ పని బయటివాళ్ళకి ఇచ్చేస్తామని మేనేజరుగారు అందరి ముందూ అన్నారు. అంటే మా ఆయన ఉద్యోగం పోయినట్టే. ఈసారి ఆ బాక్సుల్లో వెళ్ళబోయేది పసిపిల్లల పాలపొడి.

ఇప్పుడు ఉద్యోగం నిలబడింది. పైగా హెడ్ అవుతున్నారు. నేను గాల్లో తేలిపోవాలి. సగం తేలాను కూడా. అప్పుడే నా చేతిలో ఉన్న చొక్కా జేబులోకి అలవాటుగా వేలు పోయింది. ఖాళీ.

ఆ అలవాటు సంగతి చెప్పాలి. ఖాళీ కంటైనర్‌లో ఒక మనిషి నిలబడి, బయటినుంచి తలుపులు మూయించుకుని, ఆ చీకట్లో ఎక్కడైనా వెలుగు కనిపిస్తుందేమో చూస్తాడు. దాన్ని యార్డులో లైట్ టెస్టు అంటారు. వెలుగు దూరే సందులోంచి నీళ్ళు కూడా దూరతాయి కదా. సూదిమొనంత వెలుగు కనిపించినా దాని చుట్టూ సుద్దముక్కతో గీస్తారు. తర్వాత అక్కడ మళ్ళీ వెల్డింగు పడుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆయన ప్రతి చొక్కా జేబులోనూ అరిగిపోయిన సుద్దముక్క దొరికేది. పారేయబుద్ధి కాక వాటిని ఒక గాజుసీసాలో వేస్తూ వచ్చాను. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ సీసా చూసి ఇదేం పిచ్చే అని నవ్వారు. కొత్త పెళ్ళికూతురికి ఆమాత్రం పిచ్చి లేకపోతే ఎలా?

ఈ లాట్ మొదలైన దగ్గర్నుంచి సీసాలో కొత్త ముక్క పడలేదు. బాక్సులన్నీ బాగుంటే సుద్దతో పనేముంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ ఒక్క గీత కూడా పడని లాట్‌ని ఇంతవరకూ చూడలేదని పెళ్ళికి ముందు నాతో అన్నది ఆయనే. ఆ మాట ఎందుకో ఇప్పుడు గుర్తొచ్చింది.

అత్తయ్య బావగారింట్లో ఉంటారు. ఆవిడకి నేనే ముందు చెప్పాలని చేతులు తుడుచుకుని ఫోను చేశాను. నా మాట పూర్తి కాకుండానే, తెలుసులేవే, అంతా పాసవుతుంది, తమ్ముడికి పెద్ద కుర్చీ వస్తుంది అని పెద్దాడు నిన్ననే చెప్పాడు అన్నారు. నిన్నటికి టెస్టులు సగం కూడా పూర్తి కాలేదు కదా అత్తయ్యా అన్నాను.

"ఆ ఇనప్పెట్టెల గొడవ నాకేం తెలుసమ్మా. నువ్వు మంచి బట్టలు కట్టుకుని వెళ్ళు. జుట్టు మాత్రం అలా గాలికి వదిలేసుకుని వెళ్ళకు" అని పెట్టేశారు.

జుట్టు ముడేసుకునే వెళ్ళాను.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మామూలుగా అయితే ఆ ఒక్క సంతోషం నాకు పడుకునేదాకా సరిపోతుంది. ఆరోజు మాత్రం మనసు ఊరికే ఆరా తీస్తూ కూర్చుంది. పూర్తికాని పరీక్ష ఫలితం బావగారికి ముందే ఎలా తెలిసింది? మెట్ల మీద అన్నదమ్ములు ఏం వాదించుకున్నారు? మా ఆయన చూడకుండా సంతకం పెట్టే మనిషా? ఛ. లిఫ్టులో నలుగురి మధ్య ఇరుక్కోవడం ఎందుకని, నా చెయ్యి పట్టుకుని కబుర్లు చెబుతూ అన్ని అంతస్తులూ మెట్లెక్కి వచ్చే మనిషి ఆయన. స్నానాలగదికి గడియ కూడా పెట్టుకోరు. మన ఇంట్లో మనకి దాపరికం ఏమిటంటారు. అలాంటి మనిషిని అనుమానించడానికి నాకు సిగ్గుండాలి అనుకున్నాను.

అన్నిటికంటే మించి, ఆ ఫోను ఉంది. ఈ లాట్ మొదలైన రోజు మధ్యాహ్నం ఆయన నాకు ఫోను చేసి గుసగుసగా, "బాక్సులో ఉన్నాను. తలుపులు వేసేశారు. కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించడం లేదు. నీ గొంతొక్కటే ఉందిక్కడ. ఏదో ఒకటి మాట్లాడు పిచ్చుకా" అన్నారు.

పిచ్చుక అంటే నేను. వాగుడు ఆపనని ఆ పేరు. ఆరోజు పాలప్యాకెట్ చిరిగిపోవడం దగ్గర్నుంచి ఎదురింటావిడ పిల్లి మా పరుపు మీద పడుకోవడం దాకా అన్నీ చెప్పాను. తర్వాత రోజూ అదే వేళకి అదే ఫోను. చిమ్మచీకట్లో నిలబడి నా గొంతు కోసం ఫోను చేసే మొగుడు ఎందరికి దొరుకుతాడు? మా బిల్డింగులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. చెప్పింది నేనే.

యార్డు గేటు దాటగానే రెండువైపులా కొత్త బాక్సులు, ఒకదాని మీద ఒకటి, ఇంకా తడి ఆరనట్టు మెరుస్తున్న నీలిరంగులో. ముక్కు మండే పెయింటు వాసన. ఇనుముని ఇనుముతో కొట్టిన చప్పుడు ఆగీ ఆగకముందే ఇంకోటి. నాకు అదంతా ఎంతో బాగుంటుంది. ఆయన రోజంతా పీల్చే గాలి కదా. గేటు పక్క బల్ల మీంచి తలుపుల తాత లేచి ఎదురొచ్చాడు. లైట్ టెస్టుకి ఎప్పుడూ ఇద్దరుండాలి. లోపల నిలబడి చూసేది ఒకరు, బయట తలుపులు మూసి తెరిచేది ఒకరు, ఎందుకంటే ఆ తలుపులు లోపలినుంచి తెరుచుకోవు. ఏళ్ళతరబడి బయట ఉండే ఆ రెండో మనిషి తాత. తాతకి ఆ పేరు అలాగే వచ్చింది.

"పెద్దకోడలుగారా?" అన్నాడు దగ్గరికొచ్చి.

చిన్నకోడల్ని తాతా అన్నాను. మా తోటికోడలు నాకంటే మూరెడు పొడుగు. తాత నొచ్చుకుని, ఎండ కళ్ళల్లో కొడుతోందమ్మా, పోల్చుకోలేదు అన్నాడు. నేను నవ్వేసి నాలుగడుగులు వేశాక గమనించాను. ఎండ తాత వీపు మీద ఉంది.

షెడ్డులో పొడుగాటి బల్ల మీద టీ కప్పులు, బిస్కట్లు, ఒక పెద్ద మిఠాయి పెట్టె. మేనేజరుగారు లావుపాటి మనిషి, తన జోకులకి తనే ముందు నవ్వుతారు. ఈయన సంతకం చూశాక కొనేవాళ్ళు మారు మాట్లాడలేదని, ఈ యార్డు పుట్టాక ఇంత శుభ్రమైన లాట్ లేదని, రేపే లారీలు వచ్చి బాక్సుల్ని ఎత్తుకుపోతాయని చెప్పి, మా ఆయన్ని హెడ్ అని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు ఎర్రబడేలా కొట్టాను. ఆయన మాత్రం తనని కాదన్నట్టు తలవంచుకుని కప్పులోకి చూస్తున్నారు. బావగారు వెళ్ళి తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నారు. ఆ చెయ్యి భుజం మీద చాలాసేపు ఉంది. మా ఆయన అంగుళం కదల్లేదు.

 ఇలాంటప్పుడు నాకు నోరు ఆగదు. లైట్ టెస్టు ఎలా చేస్తారో చూపించండి, ఆ చీకట్లో ఒక్కసారి నిలబడాలని ఉంది అని గట్టిగా అడిగేశాను. అక్కడున్న ఆడవాళ్ళంతా కిసుక్కున నవ్వారు.

అప్పుడు ముగ్గురు మూడు రకాలుగా మాట్లాడారు. మేనేజరుగారు భేషుగ్గా చూపిద్దాం, కొత్త దంపతుల్ని లోపలికి తోసి తలుపేసేద్దాం అన్నారు. మా ఆయన, నువ్వొక్కదానివే వెళ్ళు, నేను బయట ఉండి తలుపు చూసుకుంటానన్నారు. బావగారు మాత్రం ఇప్పుడెందుకండీ, పెయింటు వాసనకి అమ్మాయికి తల తిరుగుతుంది అన్నారు. నా తల గురించి బావగారు బెంగపడటం పెళ్ళయ్యాక ఇదే మొదలు.

"ఏమయ్యా హెడ్డూ, పెళ్ళాంతో చీకట్లోకి వెళ్ళమంటే పారిపోతున్నావు. మరి ఉద్యోగం ఎలా చేస్తున్నావు?" అన్నారు మేనేజరుగారు.

షెడ్డంతా నవ్వింది. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. కప్పు కింద పెట్టి, పద అన్నారు నాతో.

రేపు లారీ ఎక్కబోయే వరసలో కొస బాక్సు దగ్గరికి వెళ్ళాం. తలుపు మీద ఆయన సంతకంతో చీటీ అంటించి ఉంది. లోపల చెక్కనేల, అలలు అలలుగా వంచిన ఇనుప గోడలు, మా అడుగుల చప్పుడు మాకే రెండింతలై వినిపిస్తోంది. తాత ఒక రెక్క మూశాడు. రెండో రెక్క మూస్తూ గొళ్ళెపు కడ్డీ కోసం తోలు తొడుగు వేసుకున్న చేత్తో తలుపంతా తడిమాడు. ఇన్నేళ్ళు ముట్టుకున్న కడ్డీయే. అది చేతికి దొరికాక, తెరవాలంటే లోపలినుంచి తట్టండమ్మా అన్నాడు. రబ్బరు అంచులు ఒకదానికొకటి ఒత్తుకున్న చప్పుడు. బయటి లోకం తెగిపోయింది.

అంత చీకటి నేనెప్పుడూ చూడలేదు. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. నాకు నవ్వు ఆగలేదు. ఆయన చెయ్యి నా మణికట్టుని వెతికి పట్టుకుంది, గాజులు గుచ్చుకునేంత గట్టిగా. ఎంత ప్రేమో అనుకున్నాను. ఆ చెయ్యి చెమటతో జారిపోతోందని ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

ఎక్కడున్నానో చెప్పుకోండి చూద్దాం అని అత్తయ్యని ఆటపట్టించాలనిపించి ఫోను తీశాను. ఆ కాస్త వెలుగులో ఆయన మొహం చూడకముందే ఆయన అన్నారు.

"రాదు. తలుపులు పడితే సిగ్నల్ రాదు. ఇనప్పెట్టె కదా."

అదేదో రోజూ అందరికీ చెప్పే మాటలా, ఆలోచించకుండా అనేశారు.  ఫోను తెరమీద నిజంగానే ఒక్క గీత లేదు. తెర ఆరిపోయింది. ఆ చీకట్లో మా ఇద్దరికీ ఒకేసారి ఒకే సంగతి తట్టింది. నాకు తట్టిందని ఆయనకి తెలిసింది, ఆయనకి తట్టిందని నాకు తెలిసింది, ఎందుకంటే మణికట్టు మీద పట్టు వదులైంది.

"మరి నాకెలా చేసేవారు?" అన్నాను.

ఒక్కోసారి తలుపు సందులోంచి వస్తుందన్నారు. వెంటనే, అప్పుడు వేరే చోట ఉన్నానేమో అన్నారు. ఆ రెండింటిలో ఏదీ నేను నమ్మలేదని గొంతు విప్పకుండానే అర్థమైనట్టుంది, మూడోది చెప్పలేదు. నా చెవుల్లో నా గొంతే తిరుగుతోంది. రోజూ ఆ వేళకి నేను చెప్పిన పాలప్యాకెట్లూ పిల్లులూ. ఆయన ఎక్కడో వెలుగులో నిలబడి, చీకట్లో ఉన్నానని నాతో అబద్ధం చెబుతూ అవన్నీ విన్నారన్నమాట. తప్పుడు సంతకం పెట్టారేమో అన్న అనుమానం కంటే అది నన్ను ఎక్కువ కోసింది. సిగ్గులేని మనసు, అంతే.

అప్పుడే కనిపించింది. తలెత్తితే పైకప్పు మూల, గోడ కలిసే చోట, సూదితో పొడిచినట్టు ఒక తెల్లటి చుక్క. ముందు నా కళ్ళే తిరుగుతున్నాయనుకున్నాను. తల పక్కకి వంచితే పోయింది, సరిగ్గా పెడితే మళ్ళీ వచ్చింది. కాస్త ఇవతల ఇంకోటి, దానికంటే సన్నంగా. ఆయన చేతిని పట్టుకుని అటు చూపించాను. 

"ఇది మీరు పాస్ చేసిన బాక్సు" అన్నాను. "దీంట్లో పాలపొడి వెళ్తుంది. మీరు లోపలికి రానేలేదు కదూ?"

 ఆయన చెప్పడం మొదలుపెట్టారు, ఒక ముక్క చెప్పి ఆగుతూ, మింగుతూ. పెళ్ళికి ముందు ఒక ఎండాకాలం ఆయన లోపల ఉండగా తలుపు కడ్డీ బిగుసుకుపోయిందట. తాత ఒక్కడివల్ల కాలేదు. గ్యాస్ కటింగ్ వాళ్ళు దొరికి, వచ్చి, కోసేసరికి లోపల ఆయన స్పృహ తప్పి పడి ఉన్నారట. ఆ తర్వాత కొన్నాళ్ళు పళ్ళబిగువున నెట్టుకొచ్చారు. ఈ లాట్‌కి మాత్రం మొదటి బాక్సులోనే కాళ్ళు వణికి బయటికొచ్చేశారు. తలుపు వెయ్యనివ్వలేకపోయారు. ఏ తలుపూ వెయ్యనివ్వలేని మనిషని నాకు అప్పుడు అర్థమైంది. లిఫ్టు వద్దని మెట్లెక్కించడం, గడియ పెట్టుకోకపోవడం, అన్నిటినీ నేను ముద్దుగా అర్థం చేసుకుని మురిసిపోయాను.

"మరి లోపల ఎవరు చూశారు?"

"తాత. నిన్ను లోపల పెట్టి ప్రాణం మీదికి తెచ్చింది నేనే, నీ బదులు నేనే నిలబడతానయ్యా అన్నాడు. నేను బయట తలుపులు వేశాను. తాత చీకట్లో ఉన్నంతసేపూ నాకు అక్కడ నిలబడ బుద్ధయ్యేది కాదు. నీకు ఫోను చేసి లోపల ఉన్నానని చెబితే, ఏమో, ఉన్నట్టే అనిపించేది."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. అయినా ఒక సంగతి అడగాల్సి ఉంది. తాతకి చూపు ఎలా ఉందని అడిగాను. కళ్ళజోడుంది కదా అన్నారు. ఆ కళ్ళజోడుతోనే నన్ను మా తోటికోడలనుకున్నాడని, ఇప్పుడు గొళ్ళెం కూడా తడుముకుని వేశాడని చెప్పాను.  నేను వదల్లేదు. "తాతకి కనబడదని మీకు తెలుసా, తెలియదా? చీకట్లోనే ఉన్నాం. ఉన్నదున్నట్టు చెప్పండి."

"తెలియదు. తాత కొంచెం మసగ్గా ఉందంటే అన్నయ్యే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. వచ్చి ఏమీ లేదు, వయసు అంతే అన్నాడు. తాత అలా అనకముందే, తాతని లోపల పెట్టు, నువ్వు బయట ఉండు, ఎవరికీ తెలియదు అన్నది కూడా అన్నయ్యే..."

అక్కడ ఆగిపోయారు. మెట్ల మీద వాదన దేని గురించో, నిన్ననే ఫలితం ఎవరికి ఎలా తెలిసిందో, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా ముందు నిలబడ్డాయి. అతుకులు వేసింది బావగారి మనుషులు. ఆ అతుకుల్ని చూడాల్సిన కళ్ళని ఎంచిపెట్టింది బావగారు. కనబడని కళ్ళని.

లేదా మా ఆయన ఇదంతా ఇప్పుడే కనిపెట్టినట్టు నటిస్తూ ఆగారేమో. చీకట్లో మొహం కనిపించదు. నిన్నటి దాకా ఆ గొంతు ఎలా వణికితే అది నిజమని నాకు తెలుసు అనుకునేదాన్ని. రోజూ అదే గొంతు, బాక్సులో ఉన్నాను పిచ్చుకా అంది కదా.

తట్టనా అన్నాను. ఆయన ఊపిరి ఇంకా ఎగశ్వాసగానే ఉంది. "వద్దు. ఇంకాస్త ఉండనీ. ఎన్ని చుక్కలున్నాయో చూడాలి" అన్నారు. ఒక చేత్తో నా భుజం పట్టుకుని, రెండో చేత్తో గోడ తడుముకుంటూ మూల దాకా నడిచారు. కాళ్ళు వణుకుతున్నాయి, ఆ వణుకు నా భుజం దాకా వస్తోంది. అక్కడ ఒకటి, ఇదిగో ఇక్కడ ఒకటి, తలుపు పైన రబ్బరు దగ్గర ఇంకోటి అని లెక్కపెడుతున్నారు. ఆ క్షణంలో ఆయన్ని నమ్మేయాలనిపించింది. పూర్తిగా కాదు.

మేమింకా తట్టలేదు. కడ్డీ కదిలిన చప్పుడైంది. వెలుగు ఒక్కసారిగా మొహాన కొట్టి కళ్ళు మూసుకుపోయాయి. తెరిచేసరికి తలుపు పట్టుకుని నిలబడింది తాత కాదు, బావగారు.

తాతని టీ తాగడానికి పంపించానన్నారు. ఎంతసేపయిందని నేను అడగలేదు, బావగారు చెప్పలేదు. మూసిన తలుపు బయటికి మాటలు వినిపిస్తాయో లేదో నాకు తెలియదు. బావగారు తన మొహంలో ఏమీ తెలియనివ్వరు. తమ్ముడి వైపు చూసి, ఏరా, బాగానే ఉందా అన్నారు. మా ఆయన మొహం చెమటతో తడిసి ఉంది. బాగానే ఉందన్నారు.

మిఠాయి పెట్టె పట్టుకుని మేనేజరుగారు కూడా అక్కడికే వస్తున్నారు, వెనక నలుగురైదుగురు. చీకట్లో ఏం చూశారమ్మా అని దూరంనుంచే నవ్వుతున్నారు. నా ముందు రెండు దారులున్నాయి. ఉన్నదంతా అక్కడే అరిచి చెప్పొచ్చు. చెబితే బాక్సులు ఆగుతాయి. మొదట పోయేది మా ఆయన ఉద్యోగం, తర్వాత తాతది. బావగారు మాత్రం మిఠాయి తింటూ, సంతకం తమ్ముడిది కదండీ అంటారు. నోరు మూసుకోవచ్చు. మూసుకుంటే రేపు లారీలు వస్తాయి, ఎక్కడో ఒక తల్లి తడిసిన డబ్బా మూత తీస్తుంది.

నేను మిఠాయి తీసుకుని నోట్లో వేసుకుని, వీలైనంత పెంకిగా నవ్వాను. నా సంతోషం చూసి జనం నన్ను కాస్త తెలివితక్కువదాన్ని అనుకుంటారు. అది నాకు ఎప్పట్నుంచో తెలుసు. ఎప్పుడూ బాధ కలగలేదు.

"ఎంత బాగుందో సార్ లోపల. ఒక్కటి చూస్తే తనివి తీరలేదు. రేపు లారీలు రాకముందే వచ్చి, మా ఆయన సంతకం పెట్టిన అన్ని బాక్సుల్లోనూ ఒక్కోసారి ఇలా తలుపేయించుకుని నిలబడతాను. కొత్త పెళ్ళికూతురి పిచ్చి అనుకోండి, కాదనకండి."

మేనేజరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. హెడ్ అయినందుకు మీ ఆవిడ అడిగిన కానుక బాగుందయ్యా అని మా ఆయన వీపు చరిచి, లారీలు వచ్చేసరికి ఎండెక్కుతుంది, తెల్లారగానే వచ్చెయ్యండి, గేటువాడికి నేను చెబుతానన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నవ్వనివాళ్ళు ఇద్దరే.

"నేనూ లోపలే ఉంటాను. నాతో సుద్దముక్క ఉంటుంది" అన్నారు మా ఆయన. అంటూ నావైపు చూడలేదు, తిన్నగా అన్నగారి కళ్ళల్లోకి చూశారు.

 బావగారు తలుపు కడ్డీకి తాత తగిలించి వెళ్ళిన తోలు తొడుగులు తీసి, తీరిగ్గా ఒక్కో వేలూ సర్దుకుంటూ చేతులకి తొడుక్కున్నారు. సరిపోయాయో లేదో ఒకసారి పిడికిలి బిగించి చూసుకున్నారు.

"సరే. అయితే రేపు తాతకి సెలవిచ్చేద్దాం" అన్నారు. "మీరిద్దరూ లోపల చూడండి. తలుపులు నేను వేస్తాను."